సిమెంటు నేల మీద కూరగాయలు: క్యూబా ఆర్గనోపోనికో కట్టే పద్ధతి

1989 నాటికి క్యూబా విదేశీ వ్యాపారంలో ఐదింట నాలుగు వంతులు సోవియట్ యూనియన్‌తోనూ దాని కూటమి దేశాలతోనూ నడిచేది. పంచదార పంపి, బదులుగా పెట్రోలు, ఎరువులు, పురుగుమందులు, గోధుమలు, ట్రాక్టర్ల విడిభాగాలు తెచ్చుకునేవారు. ఆ కూటమి కూలిపోవడంతో 1993 కల్లా దిగుమతులు నాలుగో వంతుకు పడిపోయాయి. జీడీపీలో మూడో వంతు తుడిచిపెట్టుకుపోయింది. 1990లోనే ఫిడెల్ కాస్ట్రో దీనికి ‘శాంతి కాలపు ప్రత్యేక దశ’ అని పేరు పెట్టాడు. పొలాల్లో ట్రాక్టర్లు ఆగిపోయాయి. పండిన కాస్త పంటనైనా 20 లక్షల జనాభా ఉన్న హవానాకు చేర్చడానికి లారీలకు డీజిల్ లేదు. మనిషికి రోజుకు అందే తిండి 2,900 కేలరీల నుంచి 1,900 దరిదాపులకు దిగింది. 1992-93లో 50,000 మందికి పైగా నరాల జబ్బు పడ్డారు: చూపు మందగించడం, కాళ్ళు తిమ్మిరెక్కడం. బి విటమిన్ల లోపం దాని ప్రధాన కారణాల్లో ఒకటి. ప్రభుత్వం దేశ ప్రజలందరికీ విటమిన్ బిళ్ళలు పంచాల్సి వచ్చింది.

లారీ లేనప్పుడు కూరగాయ మనిషి ఉన్నచోటే పండాలి. గోడ కట్టి, ఎరువు కలిపిన మట్టి నింపి కూరగాయలు పెంచే మడి, అంటే ఆర్గనోపోనికో, అలా వచ్చింది. అంతకు ముందు క్యూబాలో మట్టి లేకుండా, పోషక ద్రావణంతో పంటలు పెంచే హైడ్రోపోనిక్ తొట్లు ఉండేవి. ద్రావణంలో కలిపే రసాయనాలు దిగుమతి కావడం ఆగిపోయాక ఆ తొట్లు ఖాళీగా మిగిలాయి. వాటిలో మట్టి, పశువుల ఎరువు కలిపి నింపి కూరగాయలు వేశారు. పేరులోని ‘ఆర్గనో’ ఆ సేంద్రియ ఎరువే. 1991లో హవానాలోని మిరమార్ ప్రాంతంలో తొలి తోట మొదలైంది. సైన్యాధికారి మోయ్‌సేస్ సియో వాంగ్ దీనికి వెన్నుదన్నుగా నిలిచాడు. తర్వాత జాతీయ పట్టణ వ్యవసాయ బృందం ఏర్పడ్డాక పద్ధతికి లెక్కలు, కొలతలు కుదిరాయి. కింద చెప్పేది ఆ కొలతల ప్రకారం మడి ఎలా కట్టాలో, ఏ ఏడాది ఏం చెయ్యకపోతే అది చచ్చిపోతుందో.

మడి కట్టడం తేలిక. దాన్ని పదేళ్ళు సారంగా నిలపడం కష్టం. కట్టే పనిని చాలామంది వర్ణిస్తారు గానీ నిలిపే పనిని వదిలేస్తారు కాబట్టి ఇక్కడ ఎక్కువ చోటు దానికే.

స్థలం

నేల మంచిదైతే గోడలు కట్టకండి. క్యూబాలోనూ సారవంతమైన ఖాళీ స్థలాల్లో గోడల్లేకుండా, నేలనే ఎత్తుగా చేసి మడులు వేశారు. ఆ పద్ధతికి వేరే పేరుంది, ఖర్చు సగం కూడా కాదు. ఆర్గనోపోనికో అవసరమయ్యేది నేల పనికిరాని చోట: కూల్చిన ఇళ్ళ శిథిలాలు, పార్కింగ్ స్థలాలు, రాళ్ళ దిబ్బలు, నీళ్ళు నిలిచే బంకనేల.

రోజుకు కనీసం 6 గంటల ఎండ తగలాలి. పెద్ద చెట్టుకు దగ్గరగా కడితే మడిలోని తేమను, ఎరువును వేళ్ళు వెతుక్కుంటూ వచ్చి రెండేళ్ళలో అడుగంతా అల్లుకుపోతాయి. చెట్టు కొమ్మల గొడుగు ఎంత దూరం ఉందో అంతకన్నా బయట మడి పెట్టండి. ఆ స్థలంలో గతంలో ఏముండేదో పాతవాళ్ళను అడగండి. బ్యాటరీ షాపు, రంగుల గోదాము, లారీ షెడ్డు ఉన్నచోట సీసం మట్టిలో దశాబ్దాలు నిలుస్తుంది. అక్కడి మట్టిని మడిలోకి ఎత్తవద్దు. బయటి మట్టే తెచ్చి వేసినా, అడుగు తెరిచి ఉంటే వేళ్ళు కిందికి దిగుతాయి. కాబట్టి అలాంటి స్థలాన్ని వదిలేయడమే మంచిది.

మిద్దె తోటలు పెంచేవాళ్ళు ఈ మడిని యథాతథంగా డాబా మీదికి ఎక్కించవద్దు. అడుగు లోతు తడి మట్టి చదరపు మీటరుకు 400 నుంచి 500 కిలోలు తూగుతుంది. మనుషులు తిరిగే ఇంటి డాబాకు మన భారతీయ ప్రమాణాలు లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలే. క్యూబా మడి నేల మీది వస్తువు.

కొలతలు, గోడ

వెడల్పు 1.2 మీటర్లు, అంటే 4 అడుగులు. రెండు వైపుల నుంచీ చెయ్యి చాచితే మధ్యకు అందాలి. మడిలో ఎవరూ ఎప్పుడూ కాలు పెట్టకూడదు, తొక్కిన మట్టిలోకి గాలి, నీరు పోవు. పొడవు 20 నుంచి 30 మీటర్లు. అంతకు మించితే పనివాళ్ళు చుట్టూ తిరగలేక మడి దాటడం మొదలుపెడతారు. మడికీ మడికీ మధ్య దారి అర మీటరు. ఐదారు మడులకొకటి తోపుడు బండి పోయేంత, మీటరు వెడల్పు దారి వదలండి. పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉంటే పందిరి పంటల నీడ ఒకే వరుస మీద రోజంతా పడదు. స్థలం వాలుగా ఉంటే మాత్రం దిక్కులు మరిచి వాలుకు అడ్డంగా కట్టండి, లేకుంటే మొదటి పెద్ద వానకే మిశ్రమం కొట్టుకుపోతుంది.

20 మీటర్ల మడి ఒకటి లెక్క వేద్దాం. చుట్టుకొలత 42.4 మీటర్లు. 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తు ఉన్న సిమెంటు ఇటుకలు ఒక వరుస నిలబెడితే 105 పడతాయి. పగిలేవి పోను 110 తెప్పించండి. నాలుగైదు సెంటీమీటర్ల లోతు గాడి తీసి అందులో నిలబెట్టాలి. పైపైన పెట్టినవి తడి మట్టి ఒత్తిడికి బయటికి వాలతాయి. గోడల మధ్య నేలను 10 సెంటీమీటర్లు గడ్డపారతో గుల్ల చేస్తే, గోడ ఎత్తుతో కలిపి 25 సెంటీమీటర్ల లోతు దక్కుతుంది. సిమెంటు నేల అయితే గుల్ల చేసే వీలు లేదు. అక్కడ గోడ 30 సెంటీమీటర్లు లేపి, అడుగున 5 సెంటీమీటర్లు కంకర పరిచి, గోడ అడుగున ప్రతి రెండు మీటర్లకు ఒక నీటి రంధ్రం వదలండి. ఆ రంధ్రాలు పూడుకున్న మడిలో మొక్కలు వానాకాలంలో పసుపెక్కి కూర్చుంటాయి. చాలామంది అది ఎరువు లోపమనుకుని ఇంకా ఎరువు వేస్తారు.

క్యూబా వాళ్ళు గోడకు చేతికందినదల్లా వాడారు: పెంకులు, రాళ్ళు, విరిగిన పలకలు, దూలాలు. మీకు సిమెంటు ఇటుకలు దొరక్కపోతే రాయి మంచిది. పగిలిన ఆస్‌బెస్టాస్ రేకులు, తారు నూనె పట్టించిన పాత కరెంటు దుంగలు, టైర్లు మాత్రం వద్దు.

మడిలో నింపేది

24 చదరపు మీటర్ల మడికి 25 సెంటీమీటర్ల లోతున 6 ఘనపు మీటర్ల మిశ్రమం పడుతుంది. నింపిన రెండు మూడు నెలల్లో అది ఐదో వంతు కుంగుతుంది కాబట్టి 7 ఘనపు మీటర్లకు పైనే సిద్ధం చేసుకోండి. మామూలు ట్రాక్టర్ ట్రక్కుకు సుమారు 100 ఘనపుటడుగులు పడతాయి, అంటే రెండున్నర ట్రక్కులు. సగం బాగా మాగిన సేంద్రియ ఎరువు, సగం పైమట్టి. మట్టి బంకదైతే మట్టి వాటాలో కొంత తగ్గించి, ఆ మేరకు ఏడాది నిల్వ ఉన్న వరి ఊక పదింట ఒక వంతు కలపండి. కొత్త ఊక వేస్తే అది కుళ్ళడానికి మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటుంది, మొదటి పంట పాలిపోతుంది.

క్యూబాలో ఎక్కువగా వాడినవి పశువుల ఎరువు, వానపాముల ఎరువు, ఇంకా చక్కెర మిల్లుల్లో చెరకు రసం వడగట్టగా మిగిలే మడ్డి. మన చక్కెర ఫ్యాక్టరీల దగ్గర ప్రెస్‌మడ్ అనే పేరుతో దొరికేది ఇదే. మిల్లు నుంచి నేరుగా తెచ్చి వేస్తే అది మడిలోనే వేడెక్కి వేళ్ళను కాల్చేస్తుంది. కుప్ప వేసి, తడుపుతూ, తిరగేస్తూ కనీసం మూడు నాలుగు నెలలు ఆగాలి.

ఎరువు మాగిందో లేదో కళ్ళతో చూసి చెప్పడం కష్టం. రెండు పరీక్షలు చేయండి. గుప్పెడు తడి ఎరువు ప్లాస్టిక్ సంచిలో గాలి పోకుండా కట్టి మూడు రోజులు ఉంచండి. విప్పినప్పుడు మట్టి వాసన రావాలి. అమోనియా ఘాటో, కుళ్ళు కంపో కొడితే ఇంకో నెల ఆగాలి. రెండోది, ఒక పళ్ళెంలో ఆ ఎరువు, మరో దానిలో మామూలు మట్టి పోసి 20 చొప్పున ముల్లంగి గింజలు వేయండి. ఐదారు రోజుల్లో మట్టిలో 18 మొలిచి ఎరువులో 10 మొలిస్తే ఆ ఎరువు ఇంకా పచ్చిదే, లేదా ఉప్పుదేరినదే. ఊరి చెత్తతో చేసిన కంపోస్టును ఆకుకూరల మడిలో వేయకండి. విడదీయని చెత్తలో గాజుపెంకులతో పాటు బ్యాటరీల లోహాలు కూడా వస్తాయి.

సొంతంగా చేసుకునేవాళ్ళు కుప్ప వెడల్పు మీటరున్నర, ఎత్తు మీటరుకు తగ్గకుండా వేయండి. చిన్న కుప్ప వేడెక్కదు, వేడెక్కకపోతే కలుపు గింజలు చావవు. జానెడు మందాన ఆకులు, చెత్త, దాని మీద నాలుగు వేళ్ళ మందం పేడ, మళ్ళీ ఆకులు. పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఉండాలి. పదిహేను రోజులకోసారి చొప్పున మూడుసార్లు తిరగేయండి. మూడు నెలలకు చేతికొస్తుంది. వానపాముల గుంటలో పచ్చి పేడ వెయ్యవద్దు. మూడు నాలుగు వారాలు విడిగా మగ్గి, చెయ్యి లోపల పెడితే వేడి తగలనప్పుడే వేయండి.

ఎరువు మంచిదే కదా అని మడి మొత్తం దానితోనే నింపేవాళ్ళుంటారు. మొదటి పంట అద్భుతంగా వస్తుంది. తర్వాత మడి సగానికి కుంగుతుంది, ఎండాకాలంలో ఉప్పులు పైకి తేలి పాలకూర అంచులు మాడతాయి. మట్టి వాటా నీటిని పట్టి ఉంచుతుంది, దాన్ని మూడో వంతుకన్నా తగ్గించవద్దు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క. క్యూబా ప్రమాణం: ప్రతి చదరపు మీటరుకు ఏడాదికి 10 కిలోల సేంద్రియ ఎరువు తిరిగి వెయ్యాలి. ఏడాదికి చదరపు మీటరుకు 20 కిలోల కూరగాయలు తీయడం వాళ్ళ లక్ష్యం. ఆ 20 కిలోలతో పాటు మట్టి నుంచి సుమారు 50 గ్రాముల నత్రజని వెళ్ళిపోతుంది. పది కిలోల మంచి ఎరువులో 100 గ్రాముల దాకా ఉన్నా, ఆ ఏడాదిలో మొక్కకు అందేది సగానికి మించదు. కాబట్టి పది కిలోలు అనేది కనీసం. మన 20 మీటర్ల మడికి ఏడాదికి 240 కిలోలు కావాలి. ఒకేసారి కుమ్మరించకుండా ప్రతి పంటకు ముందు చదరపు మీటరుకు రెండు రెండున్నర కిలోలు చల్లి, పైన నాలుగు వేళ్ళ లోతు కలపండి.

ఒక మడికి ఇది చిన్న పనే. అర హెక్టారు తోటలో నికరంగా 2,500 చదరపు మీటర్ల మడులుంటే ఏటా 25 టన్నులు. క్యూబాలో తోటలు ఢీలాపడిన చోట సాధారణంగా ముందు ఆగింది ఈ 25 టన్నులే. డీజిల్ లేకపోతే ఎరువూ రాదు. 1994లో సగటు దిగుబడి చదరపు మీటరుకు 2 కిలోలు కూడా లేకపోవడానికీ, కొన్నేళ్ళలో అది 20 దాటడానికీ మధ్య జరిగిన పనుల్లో పెద్దది ఎరువు తయారీని తోట పక్కకు తేవడం. మునిసిపాలిటీకో కంపోస్టు కేంద్రం, తోటలోనే వానపాముల గుంటలు, రవాణాకు ఎడ్ల బండ్లు. ట్రాక్టర్లు పడుకోవడంతో దేశమంతా మళ్ళీ ఎడ్లను కాడికి అలవాటు చేశారు. మీరు తోట గీసేటప్పుడే స్థలంలో పదో వంతు ఎరువు కుప్పలకు వదలండి. ఆ చోటును తర్వాత మడులకు వాడుకోవాలని అందరికీ అనిపిస్తుంది. ఒప్పుకోవద్దు.

నీళ్ళు

ఎండ రోజుల్లో చదరపు మీటరుకు 5 నుంచి 6 లీటర్లు. మన మడికి 120 నుంచి 145 లీటర్లు. లోతు తక్కువ కాబట్టి నిల్వ తక్కువ, అందుకని ఒకేసారి పోయకుండా పొద్దున్న, సాయంత్రం రెండు విడతలుగా ఇవ్వండి. క్యూబాలో చిన్న తుంపర్ల పరికరాలు ఎక్కువ. ఆకుకూరలకు అవి బాగుంటాయి గానీ టమాటాకు ఆకు తడిస్తే మచ్చ తెగుళ్ళు వస్తాయి. కరెంటు నమ్మకం లేనిచోట (2024 అక్టోబరులో క్యూబా విద్యుత్ వ్యవస్థ మొత్తం కుప్పకూలింది) తుంపర్ల మీద ఆధారపడితే తోట రెండు రోజుల్లో వాడిపోతుంది. 3 మీటర్ల ఎత్తు దిమ్మె మీద ట్యాంకు పెడితే డ్రిప్ పైపులు పారేంత ఒత్తిడి వస్తుంది, తుంపర్లకు అది చాలదు. రెండు రోజుల నీరు నిల్వ ఉండేలా ట్యాంకు సైజు చూసుకోండి. సముద్రానికి దగ్గర బావులైతే నీటి ఉప్పు పరీక్ష చేయించండి. ఈసీ (నీటిలో ఉప్పు ఎంతుందో విద్యుత్ వాహకతతో చెప్పే కొలత, డీఎస్/మీటరులో) 1 దాటితే చిక్కుడు జాతి, లెట్యూస్ ముందుగా దెబ్బతింటాయి. బీట్‌రూట్ తట్టుకుంటుంది.

పంటలు

మడి ఖాళీగా రెండు మూడు రోజులకు మించి ఉండకూడదు. ఇది క్రమశిక్షణ విషయం, నారు ముందే సిద్ధంగా ఉంటేనే సాధ్యం. ఒక మడిలో టమాటా తీసేస్తున్నారంటే, 20-25 రోజుల క్రితమే దాని తర్వాతి పంట నారు ట్రేలలో పోసి ఉండాలి.

నవంబరు నుంచి మార్చి దాకా లెట్యూస్, క్యాబేజీ, టమాటా, క్యారట్, బీట్‌రూట్. మే తర్వాత వేడి, వానలు: అప్పుడు గజం పొడవు కాసే అలసంద, బెండ, దోస, తోటకూర జాతి ఆకుకూరలు. మన వేసవి ఇంకా తీవ్రం కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో సగం ఎండను ఆపే షేడ్‌నెట్ లేకుండా లెట్యూస్ వెయ్యవద్దు, చేదెక్కి పూతకొస్తుంది. దోస తీగ పైకి పాకేలోపు కింద లెట్యూస్, ముల్లంగి వేసి నెలలో తీసేయడం క్యూబా తోటల్లో మామూలు అలవాటు. ఒకే ఎరువుకు రెండు పంటలు వస్తాయి.

పురుగు, తెగులు

నగరాల్లో మనుషుల మధ్య తోటలు కాబట్టి అక్కడ రసాయన మందులను నిషేధించారు, ఆ మాటకొస్తే కొనే డబ్బు కూడా లేదు. బదులుగా దేశమంతటా 200కు పైగా చిన్న కేంద్రాల్లో బవేరియా, ట్రైకోడెర్మా అనే శిలీంధ్రాలు, బీటీ అనే బ్యాక్టీరియా వంటి జీవ మందులను, పురుగుల గుడ్లలో పెరిగి వాటిని చంపే ట్రైకోగ్రామా కందిరీగలను పెంచి సరఫరా చేశారు. ఇవి ప్రాణమున్న సరుకులు. ఎండలో ఉన్న అల్మరాలో నెల రోజులు పెట్టిన బవేరియా ప్యాకెట్ కేవలం పొడి. తయారీ తేదీ చూసి కొనండి, సాయంత్రం పూట చల్లండి, తేమ ఉండగా చల్లండి.

తోట చుట్టూ రెండు మూడు వరుసల జొన్న గానీ మొక్కజొన్న గానీ, కూరగాయలకు నెల ముందే వేయాలి. రెక్కల పురుగు ఎగిరి వచ్చేటప్పుడు అది గోడ, మిత్రపురుగులకు ఇల్లు. కూరగాయలతో పాటే వేస్తే అది పెరిగేలోపు తెల్లదోమ వచ్చేస్తుంది. మడుల చివర బంతి, తులసి. పసుపు రంగు రేకులకు గ్రీజు పూసి, పంట తలకు కాస్త పైగా పదేసి మీటర్లకొకటి. రేకు మీద దోమ పడుతుందో లేదో వారం వారం చూడటానికే దాని అసలు ఉపయోగం.

వేప క్యూబాకు బయటి నుంచి వచ్చిన చెట్టే, ఇప్పుడు అక్కడి తోటల్లో ముఖ్యమైన మందు. వాళ్ళు లీటరు నీటికి 25 గ్రాముల వేపగింజల పొడి నానబెట్టి వాడతారు. మన రైతులు వాడే 5 శాతం కషాయం దానికి రెట్టింపు బలం. లేత ఆకుకూరలకు తక్కువ మోతాదే చాలు. ఎండ తగిలితే గుణం పోతుంది కాబట్టి పొద్దు గుంకాక చల్లాలి. పొగాకు కషాయం అక్కడ పేనుబంక మీద విరివిగా వాడారు. నేను దాన్ని సిఫార్సు చేయను. నికోటిన్ మనిషికీ విషమే, పైగా టమాటా, మిరపలకు పొగాకు నుంచి వైరస్ అంటుకుంటుంది.

చిలగడదుంప ముక్కుపురుగు మీద వాళ్ళు చేసిన పని చెప్పి తీరాలి. పెద్దతల చీమలు ఆ పురుగు పిల్లలను వేటాడతాయి. చీమల పుట్టలున్న చోట, తేనె లేదా పంచదార నీళ్ళు పట్టించిన అరటి బోదె ముక్కలను పెడతారు. చీమలు గుడ్లతో సహా అందులోకి చేరాక, ఆ ముక్కలను తీసుకెళ్ళి దుంప చేలో ఎండ తగిలేలా ఉంచుతారు. బోదె ఎండిపోయేసరికి చీమలు మట్టిలోకి దిగి కాపురం పెడతాయి.

మడులకు అసలు శత్రువు మట్టి కిందిది, వేరుముడి నులిపురుగు. ఏడాదంతా తడి, ఏడాదంతా పంట, లోతు తక్కువ: దానికి ఇంతకన్నా సుఖమైన చోటు లేదు. మధ్యాహ్నం వాడి సాయంత్రం తేరుకునే టమాటా కనిపిస్తే పీకి వేళ్ళు చూడండి. వేళ్ళ మీద ముడులుంటే అదే. అసలు ప్రతి పంట తీసేటప్పుడు మడికి పది మొక్కలు వేళ్ళతో పీకి చూడటం అలవాటు చేసుకోండి. ముడులున్న వేళ్ళను ఎరువు కుప్పలో వేయకుండా ఎండబెట్టి కాల్చండి. లెట్యూస్ లేదా ముల్లంగిని వలగా వాడవచ్చు. పురుగు పిల్లలు వేళ్ళలోకి దూరాక, గుడ్లు పెట్టేలోపే, అంటే 25 రోజుల లోపు, వేళ్ళతో సహా జాగ్రత్తగా పీకేయాలి. 35 రోజులు ఉంచితే వల కాస్తా పెంపకమవుతుంది. తర్వాత వేరుశనగ వేసి విరామం ఇవ్వండి. ముదిరిపోయిన మడికి మే నెలలో బాగా తడిపి, పారదర్శక ప్లాస్టిక్ బిగించి, అంచులు మట్టితో మూసి 5 వారాలు ఉంచండి. నల్ల ప్లాస్టిక్ కింద అంత వేడి రాదు. పాత మడి నుంచి కొత్త మడికి పార కడగకుండా వాడితే ఈ శ్రమంతా వృథా.

భూమి, మనుషులు, అమ్మకం

మడి కొలతలు కాపీ కొడితే చాలదు. కింది మూడు ఏర్పాట్లు వదిలేస్తే తోట నిలవదు.

భూమి. ప్రభుత్వం ఖాళీ స్థలాలను అద్దె లేకుండా, సాగు చేస్తున్నంత కాలం అనుభవించే హక్కుతో ఇచ్చింది, యాజమాన్యం ఇవ్వలేదు. సంఘంగా చేస్తుంటే కనీసం ఐదేళ్ళ రాతపూర్వక హక్కు లేకుండా ఒక్క ఇటుక కూడా దించవద్దు. మొదటి ఏడాది మొత్తం మట్టిని బతికించడానికే పోతుంది.

సంపాదన. 1993 సెప్టెంబరులో ప్రభుత్వ క్షేత్రాలను చీల్చి సహకార సంఘాలుగా మార్చారు. మిగిలిన లాభంలో పనివాళ్ళకు వాటా పెట్టారు. 1994 అక్టోబరులో రైతు మార్కెట్లు తెరిచి, ప్రభుత్వానికి ఇవ్వాల్సింది పోగా మిగిలినది స్వేచ్ఛా ధరకు అమ్ముకోనిచ్చారు. ఆ ఆగస్టులోనే హవానా సముద్రతీరంలో జనం వీధుల్లోకి వచ్చారు, ఆ తర్వాతి వారాల్లో 30,000 మందికి పైగా తెప్పల మీద దేశం దాటారు. ఈ సడలింపుల వెనుక ఆ ఒత్తిడి ఉంది. జీతానికి పనిచేసే తోటలో సాయంత్రపు నీళ్ళు తప్పుతాయి, వాటా ఉన్న తోటలో తప్పవు. 1997లో నలుగురైదుగురితో మొదలైన అలమార్ తోట 11 హెక్టార్ల సహకార సంఘంగా ఎదిగింది.

సలహా. పేటలోనే విత్తనం, జీవ మందు, పనిముట్లు అమ్ముతూ సలహా చెప్పే చిన్న దుకాణాలు పెట్టారు. జాతీయ బృందం మూడు నెలలకోసారి ప్రతి మునిసిపాలిటీ తిరిగి తోటలకు మార్కులు వేసేది. మీ దగ్గర అంత యంత్రాంగం ఉండదు. నాలుగు తోటల వాళ్ళు మూడు నెలలకోసారి ఒకరి తోట ఒకరు చూసి, వేళ్ళు పీకి, ఎరువు లెక్క అడిగినా చాలు.

ఈ తోటలు క్యూబాకు కూర పెట్టాయి, అన్నం పెట్టలేదు. బియ్యం, గోధుమ, నూనె దిగుమతి అవుతూనే ఉన్నాయి. 1962 నుంచి ఉన్న రేషన్ పుస్తకమే ఆకలి అందరికీ సమానంగా పంచింది. 1993లో డాలరు చట్టబద్ధం కావడం, పర్యాటకం, బయటి బంధువులు పంపిన డబ్బు లేకుండా ఆర్థికం కోలుకునేది కాదు. మడి నుంచి ఆశించాల్సింది ఇంతే: రోజుకు మనిషికి 300 గ్రాముల కూరగాయలంటే ఏడాదికి 110 కిలోలు. బాగా నడిచే 20 మీటర్ల మడి ఏడాదికి 480 కిలోలిస్తే నలుగురికి సరిపోతుంది. మొదటి ఏడాది అందులో మూడో వంతు వస్తే సంతోషించండి. కేలరీలు కావాలంటే చిలగడదుంప, అరటి, కర్రపెండలం వేరే నేలలో వేయాలి. మడిలో వాటికి చోటు ఇవ్వడం ఎరువు దండగ.

అమ్మకం తోట గేటు దగ్గరే పెట్టండి. ఉదయం కోసింది మధ్యాహ్నంలోగా అమ్ముడవ్వాలి, ధర మార్కెట్టుకన్నా కొంచెం తక్కువ ఉండాలి, పలక మీద రాసి ఉండాలి. క్యూబాలో బడులకు, ఆసుపత్రులకు తక్కువ ధరకు కొంత భాగం ఇచ్చే బాధ్యత ఉండేది. ఆ భాగం ఎంతో ముందే రాసుకోండి, లేకపోతే అది ఏడాది తిరిగేసరికి తోట లాభాన్ని మించిపోతుంది. మడికొక నంబరు వేసి, వేసిన తేదీ, వేసిన ఎరువు కిలోలు, కోసిన కిలోలు ఒకే పుస్తకంలో రాయండి. ఏ మడిలోనైనా వరుసగా రెండు పంటల దిగుబడి తగ్గితే ముందు ఎరువు గడి చూడండి, తర్వాత వేళ్ళు పీకి చూడండి.